గాజుసీసాలో కోయిలకుంట్ల

“ఇది ప్లాస్టిక్‌ది కదరా!”

ఫోన్లో మా నాయన అన్న ఈ ఒక్క మాటకే నేను హైదరాబాద్‌లో బ్యాగు సర్దుకున్నా. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని కంప్యూటర్‌లో తయారుచేసిన గోళీసోడా సీసా బొమ్మ అది. వాట్సాప్‌లో పంపితే, రెండు నిమిషాలు చూసి ఆయన ఇచ్చిన తీర్పు ఇది. కోపమొచ్చింది. తర్వాత నేనే పెద్దది చేసి చూసుకున్నా. నిజమే, ప్లాస్టిక్‌లాగే ఉంది.

నా పని ఇదే మరి. ప్రకటనల కోసం షాంపూ డబ్బాలు, నూనె సీసాలు, అత్తరు బుడ్లు కంప్యూటర్‌లో తయారుచేస్తాను. తెరమీద మీరు చూసే కూల్‌డ్రింకు సీసా ఏ కెమెరా ముందూ నిలబడి ఉండకపోవచ్చు. నాలాంటివాడొకడు దాన్ని గీతలతో కట్టి, పైన గాజుగుణం తగిలించి, వెలుతురు లెక్క వేయించి ఉంటాడు. ఆ పనికి జీతం తీసుకునే నాకు మా సొంత సీసా చేతకాలేదు.

సొంతం అని ఎందుకంటున్నానంటే, మా నాయనది కోయిలకుంట్లలో సోడాషాపు. బస్టాండుకి దగ్గర్లో, రేకుల పందిరి కింద ఒక చెక్క బల్ల, ఒక సోడామిషను, గంపల నిండా సీసాలు. ఇరవై ఆరేళ్లు నడిపాడు. పెట్‌బాటిళ్లు వచ్చాక నడవక మూసేశాడు. మిషను పాతసామాన్ల వాడికి తూకానికి పోయింది. మా ఇంట్లో పెళ్లి ఫొటోలున్నాయి, తిరుపతి ఫొటోలున్నాయి, నా ఒకటో తరగతి ఫొటో కూడా ఉంది. షాపు ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. రోజూ కనిపించేదాన్ని ఎవరు ఫొటో తీస్తారు చెప్పండి?

పోయిన నవంబరులో నాయనకి నంద్యాలలో కుడికంటికి శుక్లం ఆపరేషనైంది. కట్టు విప్పిన రోజు గోడలూ, అమ్మ చీరా అన్నీ కాసేపు చూసి, “మన షాపుది ఒక ఫొటో ఉండుంటే ఈ కంటితో చూసుకుందును” అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాటెత్తలేదు. ఫొటో లేకపోతే ఏం, నేను తయారుచేస్తా అనుకున్నా. బల్ల వచ్చింది, రేకులు వచ్చాయి, గంప కూడా బాగానే కుదిరింది. సీసా దగ్గర ఆగిపోయా.

నంద్యాల నుంచి కోయిలకుంట్లకి ఇప్పుడు రైలు కూడా ఉంది. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 2016లో మొదలైంది. నాకు మాత్రం బస్సే అలవాటు. గోస్పాడు మీదుగా పోతుంటే రెండువైపులా నల్లరేగడి. ఫిబ్రవరి కాబట్టి శనగచేలు కోతకొచ్చి గోధుమరంగుకి తిరిగాయి. బస్సు కిటికీ అద్దం దుమ్ముపట్టి ఉంది. ఎదురుగా చూస్తే చేలు కనిపిస్తున్నాయి. ముందు సీటువైపు వంగి ఏటవాలుగా చూస్తే చేలు పోయి ఆకాశం, బస్సులోని సీట్ల నీడలు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లు ఇదే బస్సులో తిరిగినా ఇది పట్టించుకోలేదు.

దీని వెనక ఒక లెక్కుంది. మామూలు గాజుకి ఎదురుగా పడిన వెలుతురులో ఒక్కో ఉపరితలం నుంచీ నూటికి నాలుగు వంతులే వెనక్కి వస్తుంది, మిగతాది లోపలికి పోతుంది. చూపు ఏటవాలయ్యే కొద్దీ వెనక్కొచ్చే వాటా పెరుగుతూ, బాగా వాలినప్పుడు గాజు దాదాపు అద్దమైపోతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ సూత్రాలు కట్టాడు. మేం సాఫ్ట్‌వేర్‌లో నొక్కే ఒక చిన్న బటన్ వెనక ఆయనే ఉన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు గాజు అంతటా ఒకేలా మెరవాలనుకుంటారు. అక్కడే బొమ్మ సగం చస్తుంది.

కోయిలకుంట్ల అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846 జులైలో ఆయన కొల్లగొట్టిన కంపెనీ ఖజానా ఇక్కడిదే. 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిందీ ఇక్కడే. తలని ఏళ్లతరబడి కోట మీద వేలాడదీశారని మా చిన్నప్పుడు అరుగుల మీద చెప్పేవాళ్లు. 2019లో ‘సైరా’ వచ్చినప్పుడు ఊరు ఊరంతా థియేటర్లకి పోయింది. సినిమాలో కంప్యూటర్‌లో కట్టిన కోటలు, సైన్యాలు చూసి మావాళ్లెవరూ తప్పుపట్టలేదు. 1846 నాటి ఊరు ఎవరు చూశారు గనక! అదే బస్టాండు పక్కన సోడాషాపు చూపిస్తే నూరుమంది తప్పులు చెబుతారు. నా కష్టమంతా అక్కడే.

ఇంటికి చేరేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. పలకరింపులు కూడా కాకముందే లోపలికి పోయి, ధాన్యం గాదె వెనక నుంచి గుడ్డలో చుట్టిన సీసాలు తెచ్చాడు. అన్నీ అమ్మేసినా మూడు మాత్రం దాచుకున్నాడట. ఆ సంగతి అమ్మకే తెలీదు.

“పట్టుకో. బరువు చూడు ముందు” అన్నాడు.

గోళీసోడా సీసాని 1870ల తొలినాళ్లలో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు. మూతలో కార్కు లేకుండా గ్యాసు నిలవాలి. అందుకని సీసా మెడలో ఒక గాజుగోళీ వేశాడు, మూతి లోపల ఒక రబ్బరు ఉంగరం పెట్టాడు. సోడామిషనులో సీసాని బిగించి చక్రం తిప్పితే సీసా తలకిందులై తిరుగుతుంది, గ్యాసు నీళ్లలో కలుస్తుంది, గోళీ మూతిలోకి జారుతుంది. లోపలి గ్యాసే దాన్ని రబ్బరుకి అదిమిపట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోవాలంటే గాజు మందంగా ఉండాలి. నాయన బరువు చూడమన్నది అందుకే. నేను చేసిన సీసా గోడ మంచినీళ్ల గ్లాసంత పల్చన. నిజంగా అట్లా ఉంటే మొదటి తిప్పుకే పగిలి ముఖాన పడేది.

తర్వాత ఆయన సీసాని ఎండకి పట్టాడు. “అడుగు చూడు. అడుగున రంగెట్లుంది, మధ్యలో ఎట్లుంది?”

అడుగున చిక్కటి ఆకుపచ్చ. నడుము దగ్గర రంగు ఉందా లేదా అన్నట్టుంది. మూతి అంచున మళ్లీ చిక్కగా ఉంది. గాజు తయారయ్యేది ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగిస్తే. ఇసుకలో ఉండే కొద్దిపాటి ఇనుము ఈ ఆకుపచ్చని తెస్తుంది. వెలుతురు గాజులో ఎంత దూరం నడిస్తే అంత రంగు ఎక్కుతుంది. నేను చేసిన పొరపాటు ఇప్పుడు తెలిసింది. రంగుని సీసా పైన పూశాను, గోడకి సున్నం కొట్టినట్టు. అందుకే రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండి, ప్లాస్టిక్ డబ్బాలాగా కనిపించింది. రంగు మందంలో ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో దానికి వేరే అమరిక ఉంది. పైపూత రంగుని తెల్లగా వదిలేసి, సీసా గోడ లోపలి పదార్థానికి రంగుపీల్చే గుణం ఇవ్వాలి. నాకు తెలియక కాదు. లెక్కకి ఎక్కువ సమయం పడుతుందని బద్ధకించా.

ఇక గీతలు. సీసా నడుము చుట్టూ, భుజం దగ్గర, తెల్లగా అరిగిపోయిన రెండు పట్టీలున్నాయి. గంపలో సీసాకి సీసా రాసుకుని పడ్డ గుర్తులవి. లోపల అక్కడక్కడా సూదిమొనంత గాలిబుడగలు. “కొత్తసీసా గంపలో ఏస్తే పదిదినాలకే ఈ పట్టీ పడతాది. పట్టీ లేని సీసా అంటే సోడా ఎప్పుడూ తాగనోడు చేసిందన్నమాట” అన్నాడు నాయన, నవ్వుతూనే.

ఆ రాత్రి వంటింట్లో ఒక చిన్న ప్రయోగం చేశా. అమ్మ దగ్గర బోరోసిల్ గాజుగిన్నె చిన్నదొకటి ఉంది. ఒక పెద్ద గాజుజాడీలో వేరుశనగ నూనె పోసి ఆ గిన్నెని అందులోకి దించా. గిన్నె దాదాపు మాయమైంది! అమ్మ మొదట నూనె వేస్టని తిట్టి, తర్వాత తనే రెండుసార్లు ముంచి తీసింది. వెలుతురు ఒక పదార్థంలోంచి ఇంకోదాంట్లోకి పోయేటప్పుడు వంగుతుంది. ఎంత వంగుతుందో చెప్పే అంకెని వక్రీభవన గుణకం అంటారు, స్కూల్లో చదివే ఉంటారు. నీళ్లకి 1.33, మామూలు గాజుకి దాదాపు 1.5. బోరోసిల్ గాజుకీ వేరుశనగ నూనెకీ ఇంచుమించు ఒకటే, 1.47 ప్రాంతం. రెంటికీ తేడా లేకపోతే వెలుతురు వంగదు, వెనక్కీ రాదు. అప్పుడు గాజు కనిపించడానికి కారణమే ఉండదు.

వంగడానికి సూత్రం 1621లో స్నెల్ అనే డచ్చాయన కట్టాడని పుస్తకాల్లో ఉంటుంది. బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ 984 నాటికే దాన్ని రాసిపెట్టాడు. వజ్రానికైతే ఆ అంకె 2.42. మా నంద్యాల, కర్నూలు వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం కూలిపనులు మాని వజ్రాల కోసం వెతుకుతారు కదా, వాళ్ల కళ్లు వెతికేది ఈ అంకెనే. వజ్రంలో పడ్డ వెలుతురు 24 డిగ్రీలు దాటి వాలితే బయటికి పోలేక లోపలే తిరుగుతుంది. గాజుకి ఆ హద్దు 42 డిగ్రీల దాకా ఉంటుంది. తడిస్తే గాజుముక్క మసకబారుతుంది, వజ్రం మెరుపు అంతగా తగ్గదు. నా దగ్గరికి కొత్తగా చేరిన పిల్లలు గాజు ‘బాగా మెరవాలని’ ఆ అంకెని 2 దాకా పెంచేస్తుంటారు. సీసా అడిగితే వజ్రం చేసిస్తారు!

సోడాసీసాలో ఇదంతా ఒకేచోట ఉంటుంది. గాలి, గాజు, సోడా, మళ్లీ లోపల గాజుగోళీ. గోళీ మెడలో గాలిమధ్య ఉన్నప్పుడు చిన్న అద్దంబుడ్డిలా మెరుస్తుంది, అందులో ఊరు తలకిందులుగా కనిపిస్తుంది. సీసా వంచితే సోడా వచ్చి గోళీని ముంచుతుంది, గోళీ సగం మాయమైపోతుంది. నీళ్లకీ గాజుకీ మధ్య తేడా తక్కువ గదా. చిన్నప్పుడు ఈ మాయ చూడ్డానికే సీసా వంచి వంచి నిలబెట్టేవాణ్ణి. నాయన, “తాగేదుంటే తాగు, ల్యాకుంటే ఈడ పెట్టు” అని కసిరేవాడు.

మర్నాడు బస్టాండుకి పోయా. అసలు పని అక్కడుంది.

గాజు తనంతట తాను కనిపించదు. దాని ముందు, వెనక, పక్కన ఏముందో అదే వంగి, విరిగి, చిన్నదై గాజులో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో నేను చేసిన సీసా చుట్టూ ఏముంది? ఏమీ లేదు. స్టూడియో అలవాటు ప్రకారం రెండు తెల్లటి లైటుపెట్టెలు పెట్టా. సీసాలో రెండు తెల్లపెట్టెలు కనిపించాయి. కోయిలకుంట్ల సీసాలో కనిపించాల్సింది కోయిలకుంట్ల.

దీనికి ఒక పద్ధతి ఉంది. మెరిసే స్టీలుబంతిని ఆ చోట పెట్టి ఫొటోలు తీస్తే, బంతిలో చుట్టూ ఉన్నదంతా దిగుతుంది. ఒకే ఫొటో చాలదు. ఎండలోని ఆకాశానికీ, పందిరికింది నీడకీ మధ్య తేడా ఏ ఫొటోలోనూ ఇమడదు. అందుకని చీకటిగా ఒకటి, వెలుగుగా ఒకటి, ఇట్లా ఏడెనిమిది తీసి కలపాలి. కంప్యూటర్‌లో చేసిన వస్తువుకి నిజమైన చోటులోని వెలుతురు తొడగడానికి పాల్ డెబెవెక్ 1998లో ఈ దారి చూపించాడు. ఇప్పుడు సినిమాలన్నీ దాదాపు ఇదే దారిలో పోతున్నాయి.

ట్రైపాడ్ మీద స్టీలుబంతి పెట్టేసరికి జనం మూగారు. ఒకాయన, “రోడ్డు వెడల్పు చేస్తారా సారూ?” అన్నాడు. సర్వేవాళ్లమనుకున్నాడు. పక్కన పూలకొట్టు పెద్దమ్మకి నిజంగానే భయమేసింది, కొట్టు పోతుందేమోనని. కాదమ్మా, సోడాసీసా బొమ్మ కోసం అని చెబితే ఒకరూ నమ్మలేదు. నాయన పేరు చెప్పాక నమ్మారు. “సోడా ఆయన కొడుకా నువ్వు! మరి చెప్పవేం నాయనా” అని ఆ పెద్దమ్మే తన నీడగొడుగు పక్కకి జరిపి చోటిచ్చింది. షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దాని ముందు అడుగుజాగాలో నిలబడి, నాయన ఇరవై ఆరేళ్లు చూసిన వైపే చూస్తూ ఫొటోలు తీశా. ఎదురుగా బస్సుల వరస, ఎర్రమట్టి రంగు గోడ, కరెంటు తీగలు. కింద నాపరాతి బండలు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు గనుల నుంచి వచ్చే బూడిదరంగు రాళ్లు. వాటి మీద పడి లేచే వెలుతురు కూడా కొంచెం బూడిదగానే ఉంటుంది. ఆ సంగతి కూడా స్టీలుబంతికి తెలుసు.

తెచ్చిన సీసాలో నీళ్లు నింపి బల్లమీద పెట్టి చూశా. నీళ్లున్న సీసాలోంచి చూస్తే ఎడమవైపు పోయే బస్సు కుడివైపు పోతోంది, కానీ తలకిందులు కాలేదు. మెడలో గోళీలో మాత్రం తలకిందులైంది కూడా. సీసా నిలువుగా గుండ్రం కాదు, గోళీ అన్నివైపులా గుండ్రం. ఒకే బస్సు ఒకే సీసాలో రెండు రకాలుగా పోతుంటే అరగంటసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నా. పని చేస్తున్నట్టే లెక్క.

మధ్యాహ్నం దొర్నిపాడు మీదుగా ఆళ్లగడ్డ పోయొచ్చా. పనుండి కాదు, ఊరికే. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్లు ఎన్నో ఊళ్ల గుళ్లలో ఉన్నారు. ఆ రాతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డువారన ఒక షెడ్డులో ఒకాయన నల్లరాతి నందిని నీళ్లు పోస్తూ నునుపు తీస్తున్నాడు. నేను గాజుపని చేస్తానంటే ఆయనకి అర్థం కాలేదు. కంప్యూటర్‌లో అన్నాక ఇంకా అర్థం కాలేదు. కానీ నునుపు తీసిన నంది వీపు మీద వేలు పెట్టి, “ఈడ నిలబడి చూస్తే రాయి. వంగి ఈ పక్కనించి చూడండి, అద్దం” అన్నాడు. బస్సు కిటికీలో నేను చూసిందే! ఆయనకి ఫ్రెనెల్ పేరు అక్కర్లేదు. నునుపు అంతటా సమంగా వచ్చిందా లేదా అని ఆయన చూసుకునేది ఏటవాలు చూపుతోనే అట. నాకు స్టూడియోలో ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

రాత్రి ల్యాప్‌టాప్ తీసుకుని వసారాలో కూర్చున్నా. నేను వాడే సాఫ్ట్‌వేర్ బ్లెండర్. డబ్బులు కట్టక్కర్లేదు. నెదర్లాండ్స్‌కి చెందిన టోన్ రోజెండాల్ మొదలుపెట్టిన కంపెనీ మూతపడితే, జనం లక్ష యూరోలు చందాలేసి 2002లో దాన్ని అందరిదీ చేశారు. కోయిలకుంట్లలో కూర్చున్న పిల్లాడికీ, హాలీవుడ్‌లో కూర్చున్నవాడికీ ఇప్పుడు అదే దొరుకుతుంది.

అది చేసే పని వినడానికి తేలిక. తెర మీది ఒక్కో చుక్క నుంచి ఒక కిరణాన్ని బొమ్మలోకి పంపుతుంది. అది గాజుకి తగిలితే ఎంత వెనక్కి, ఎంత లోపలికి అని లెక్కేసి మళ్లీ సాగనంపుతుంది. కిరణం తిరిగి తిరిగి ఏ వెలుతురు దగ్గర ఆగిందో ఆ రంగు చుక్కకి వస్తుంది. గాజుగోళాన్ని ఈ పద్ధతిలో మొదట చూపించినవాడు టర్నర్ విటెడ్, 1980లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. గళ్లనేల మీద తేలే గాజుబంతి బొమ్మ అది. ఆ ఒక్క బొమ్మకి అప్పటి కంప్యూటర్‌కి గంటకి పైగా పట్టింది. నలభై ఏళ్లు దాటినా, గాజు దగ్గర మేమింకా ఎదురుచూస్తూనే ఉన్నాం. మిషన్లు వేగమయ్యాయి, మా ఆశలూ పెరిగాయి.

ఒక సీసాకి అడ్డంగా పోయే కిరణం బయటిగోడ, లోపలిగోడ, సోడా, మళ్లీ లోపలిగోడ, బయటిగోడ దాటాలి. దారిలో గోళీ తగిలితే ఇంకో రెండు. బ్లెండర్ మామూలుగా 12 మలుపులకి లెక్క ఆపేస్తుంది. ఒక సీసాకి అది చాలు. గంపలో ఒకదాని వెనక ఒకటి నాలుగు సీసాలుంటే? కిరణం మధ్యలోనే ఆగిపోయి అక్కడ నల్లమచ్చ పడుతుంది. నా మొదటి బొమ్మలో గంప చీకటిగా ఉంటే నీడ అనుకున్నా. నీడ కాదు, లెక్క చాలక పడ్డ నలుపు. 32కి పెంచా. ఇంకో తప్పు కూడా దొరికింది. సోడాకీ గాజుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంచాను, ఒకదాన్నొకటి తగలకుండా. దాంతో మధ్యలో గాలిపొర ఏర్పడి సోడా సీసాకి అంటనట్టు వెండిరంగులో మెరిసింది. సోడాని గాజులోకి కొంచెం చొచ్చుకుపోయేట్టు జరపగానే తడి వచ్చింది.

అన్నిటికన్నా ఏడిపించింది బండమీది వెలుతురు. ఎండలో నీళ్లసీసా పెడితే, నీడమధ్యలో మెలికలు తిరిగిన వెలుగుచారలు పడతాయి, చూసే ఉంటారు. సీసా భూతద్దంలాగా ఎండని ఒకచోట పోగేస్తుంది. కెమెరా వైపు నుంచి బయల్దేరిన కిరణం ఆ చారమీద పడి, సీసాలోంచి వంగి, సరిగ్గా సూర్యుడికే తగలాలంటే లాటరీ తగిలినట్టే. తగిలినచోట తెల్లచుక్క, తగలనిచోట చీకటి. బొమ్మంతా మిణుగురులు ముసిరినట్టుంటుంది. 1990లలో హెన్రిక్ వాన్ జెన్సెన్ దీనికి తిరగేసిన ఉపాయం చెప్పాడు. ముందు దీపం వైపు నుంచి వెలుతురు రేణువుల్ని చల్లి, ఎక్కడ పడ్డాయో రాసిపెట్టుకుని, తర్వాత కెమెరా వైపు నుంచి చూడమన్నాడు. బ్లెండర్‌లో కూడా 2022 నుంచి ఈ చారల కోసం ఒక దగ్గరిదారి పెట్టారు. అది గోళీ దగ్గర తడబడింది. చివరికి రాత్రంతా వదిలేశా. ల్యాప్‌టాప్ ఫ్యాను సోడామిషనంత చప్పుడు చేసింది. అమ్మ రెండుసార్లు లేచి, “అది పేలదు కదా” అని అడిగింది.

పొద్దున్నే నాయనకి చూపించా. పక్కనే నిజం సీసా పెట్టుకున్నాడు. ముందు ఎడమకన్ను అరచేత్తో మూసి తెరని చూశాడు, సీసాని చూశాడు. తర్వాత కుడికన్ను మూసి మళ్లీ రెంటినీ చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఒక కంటికి పచ్చగుంది. ఇంకో కంటికి పచ్చగుంది” అన్నాడు.

నాకర్థం కాలేదు. అడిగితే విడమర్చాడు. ఆపరేషన్ కాని కంటికి సీసా పసుపుపచ్చ. అయిన కంటికి లేత ఆకుపచ్చ, నీలం కలిసినట్టు. శుక్లం ముదిరితే కంటిలోని సొంత కటకం గోధుమరంగుకి తిరిగి నీలాన్ని ఆపేస్తుంది. దాన్ని తీసి డాక్టర్లు పెట్టేది కూడా ఒక పారదర్శకమైన వస్తువే, వేలిగోరంత లేని ప్లాస్టిక్ కటకం. ప్లాస్టిక్ అని నన్ను వెక్కిరించిన మనిషి ప్లాస్టిక్‌లోంచే చూస్తున్నాడన్నమాట! ఫోన్లో ఆయన “మన సీసా ఇంగా పచ్చగుంటాది” అన్నప్పుడు నేను ఆకుపచ్చ పెంచా. ఆయన ఏ పచ్చ గురించి అన్నాడో, ఏ కంటితో చూసి అన్నాడో ఇద్దరం అడుక్కోలేదు.

“మరి షాపులో ఉన్నప్పుడు ఏది?” అన్నా.

“షాపు పెట్టినప్పుడు ఇది” కుడికన్ను చూపించాడు. “మూసేనాటికి...” అని ఆగి, ఎడమకన్ను నలుపుకున్నాడు. “రంగు పోయింది కన్నుదా, సీసాలదా అని ఎవురు చూసినారప్పా. నీళ్లు బాగలేవేమోనని ట్యాంకు కూడా మార్చినా.”

అది నాకు కొత్త సంగతి. ఎనిమిదేళ్లో పదేళ్లో ఆయన మసక కంటితోనే సీసాలు కడిగి, ఎండకి పట్టి, శుభ్రంగా ఉన్నాయా అని చూసి గంపలో పెట్టాడు. మేమెవరం గమనించలేదు. నేను గాజుని చూసి జీతం తీసుకునేవాణ్ణి, నేనూ గమనించలేదు.

ఆయన మళ్లీ తెర దగ్గరికి వంగాడు. బల్లమీద వెలుగుచారని వేలితో తాకాడు. సీసా నడుము పట్టీలు చూశాడు. సీసాలో తిరగబడ్డ బస్సుని చూసి, “ఇది ఆళ్లగడ్డ బస్సు” అన్నాడు. ఆయన ఎట్లా పోల్చాడో నాకు తెలీదు, బోర్డు కనిపించేంత పెద్దది కాదది.

“బాగుంది” అన్నాడు చివరికి. “గాజే.”

నేను ల్యాప్‌టాప్ మూయబోయా.

“ఉండు. ఈ సీసా సగం తాగేసిందా, నిండుదా?”

“సగం తాగింది. ఎవరో తాగి బల్లమీద పెట్టినట్టు...”

“మరి గోళీ మూతిలో ఎట్లుండాది? కొట్టినాక గ్యాసు పోతాది, గోళీ కిందికి దిగి మెడలో నొక్కు కాడ కూర్చుంటాది. సగం తాగిన సీసాకి గోళీ పైనుంటే ఎవురైనా కొంటారా?”

గోళీని రెండు సెంటీమీటర్లు కిందికి జరిపి మళ్లీ రెండర్ మొదలుపెట్టా. నాయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. “ఎంతసేపు?” అన్నాడు. సాయంత్రం దాకా పడుతుందని చెప్పా. “కానీలే, ఇప్పుడెవురూ షాపుకి రారు కదా” అని, నిజం సీసా మెడలోని గోళీని గలగల ఆడిస్తూ తెరవైపు చూస్తున్నాడు.